42 ఏళ్ళ వయసులో ఐటీలోకి రావాలంటే ఏ సర్టిఫికేషన్ చేస్తే మంచిది? (అనంతపురం నుంచి)

అనంత_బిల్లింగ్:

అందరికీ నమస్కారం. మాది అనంతపురం, వయసు 42. 2004లో బీకాం కంప్యూటర్స్ అయింది, తర్వాత పీజీడీసీఏ కూడా చేశాను. అప్పట్లో సి, ఫాక్స్‌ప్రో, విజువల్ బేసిక్ నేర్పించారు, ఇప్పుడు ఆ పేర్లు చెబితే మా అమ్మాయి నవ్వుతుంది. ఉద్యోగం మాత్రం మొదటి నుంచీ మందుల హోల్‌సేల్ ఏజెన్సీలోనే. బిల్లింగ్‌లో చేరాను, తర్వాత అకౌంట్స్, ఇప్పుడు స్టాకు, జీఎస్టీ రిటర్నులు, కంపెనీల నుంచి రావలసిన క్లెయిములు అన్నీ నేనే చూస్తాను. జీతం 26 వేలు. ఓనర్ మంచి మనిషే గానీ వాళ్ళబ్బాయి ఈ వ్యాపారం నాకొద్దు అంటున్నాడు, రెండు మూడేళ్ళలో ఏజెన్సీ ఎవరికైనా అప్పజెబుతారని మార్కెట్‌లో అందరూ అనుకుంటున్నారు. అప్పుడు 45 ఏళ్ళ అకౌంటెంట్‌ని ఎవరు పెట్టుకుంటారు అన్నదే నా టెన్షన్.

ఇక ఐటీ ఎందుకు అంటే, ఆఫీసులో కంప్యూటర్లకి ఏమైనా నన్నే పిలుస్తారు. ప్రింటర్ షేరింగ్, విండోస్ వేయడం, రోజూ సర్వర్ బ్యాకప్, నెట్ పోతే నెట్‌వర్క్ స్విచ్ దగ్గర కేబుళ్ళు పీకి పెట్టడం, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో డేటా పాడైతే ఆ కంపెనీ వాళ్ళతో ఎనీడెస్క్‌లో రాత్రి దాకా కూర్చోవడం. ఆ పనిలో ఉంటే నాకు ఆకలి కూడా గుర్తుండదు, రిటర్నులు ఫైల్ చేసేటప్పుడు మాత్రం గడియారం చూస్తూ ఉంటాను.

బెంగళూరులో ఒక ఇన్‌స్టిట్యూట్‌కి ఫోన్ చేస్తే ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్), డెవాప్స్ (సాఫ్ట్‌వేర్‌ని సర్వర్ల మీద నడిపే పని) కలిపి 85 వేలు, ఆరు నెలలు, వీకెండ్ క్లాసులు అన్నారు. వయసు గురించి అడిగితే "సార్, మూడేళ్ళ ఎక్స్‌పీరియన్స్ మేమే పెట్టిస్తాం, ఇంటర్వ్యూలో ఏం చెప్పాలో కూడా మేమే నేర్పిస్తాం" అన్నారు. ఇక్కడ టౌన్‌లో ఒకాయన సీసీఎన్ఏ (సిస్కో నెట్‌వర్క్ సర్టిఫికేషన్) చేయమంటున్నాడు, మా బావమరిది కాంప్‌టియా ఏ ప్లస్ (కంప్యూటర్ సపోర్ట్ సర్టిఫికేషన్) చాలంటున్నాడు, యూట్యూబ్‌లో ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెబుతున్నారు. ఖర్చు పెట్టగలిగింది లక్ష లోపు, చదవడానికి రాత్రి రెండు గంటలు దొరుకుతాయి, ఆదివారం ఇంకొంచెం. అమ్మాయి టెన్త్ కాబట్టి ఉద్యోగం మానేసి చదివే పరిస్థితి లేదు. ఏది ముందు చేయాలి, అసలు చేస్తే ఉపయోగం ఉంటుందా, తెలిసినవాళ్ళు సూటిగా చెప్పండి, ఏమీ అనుకోను.

ప్రొద్దుటూరు_పిల్లోడు:

అన్నా, మాది ప్రొద్దుటూరు. బెంగళూరులో సర్వీస్ డెస్క్ (యూజర్ల కంప్యూటర్ సమస్యలు చూసే) టీమ్ ఒకటి చూస్తాను, ఇంటర్వ్యూలు కూడా తీసుకుంటాను, కాబట్టి బల్లకి అవతల కూర్చునేవాడిగా చెబుతున్నా.

ముందు ఆ 85 వేల సంగతి. కట్టొద్దు. ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తాం అంటే దొంగ కంపెనీ పేరు మీద ఆఫర్ లెటర్, పే స్లిప్పులు, రిలీవింగ్ లెటర్ ప్రింట్ చేసి ఇస్తారు, అంతే. మీకు ఆఫర్ వచ్చిందనుకోండి, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ వాళ్ళు అడిగే వాటిలో ముందు వరుసలో ఉండేది యూఏఎన్, అంటే పీఎఫ్ ఖాతా నంబర్. మీ ఏజెన్సీలో పీఎఫ్ కట్ అవుతోందా? అవుతుంటే ఆ మూడేళ్ళూ మీరు అనంతపురంలోనే ఉన్నట్టు ఈపీఎఫ్‌ఓ సర్వీస్ హిస్టరీలో ఉంటుంది. ఫారం 16, 26ఏఎస్ (జీతం మీద కట్టిన పన్ను కాగితాలు) అడిగే కంపెనీలూ ఉన్నాయి. చేరి ఆరు నెలలయ్యాక దొరికిపోయి ఆ సాయంత్రమే లాప్‌టాప్ అప్పజెప్పి వెళ్ళినవాళ్ళను చూశాను. 23 ఏళ్ళ పిల్లాడికి ఆ మచ్చ కొన్నాళ్ళకి మాసిపోతుందేమో, మీకు అంత టైమ్ లేదు.

ఇంకో విషయం ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఎప్పుడూ చెప్పరు. పెద్ద కంపెనీల ఫ్రెషర్ డ్రైవ్‌లలో డిగ్రీ పాసైన సంవత్సరం అని ఒక గడి ఉంటుంది, ఈ ఏడాది బ్యాచ్, నిరుటి బ్యాచ్, మహా అయితే అంతకుముందుది. 2004 అని పెడితే మీ రెజ్యూమె మనిషి కంటికి కూడా ఆనదు. ఏ సర్టిఫికెట్ పెట్టినా ఆ గడి మారదు. అందుకని ఫ్రెషర్ల క్యూలో నిలబడే ఆలోచన ఇప్పుడే వదిలేయండి. ఇరవై ఏళ్ళ పని చూసి తీసుకునేవాళ్ళెవరో వెతకాలి, వాళ్ళు ఏం అడుగుతారో దాన్నిబట్టి సర్టిఫికేషన్. మీరేమో సర్టిఫికేషన్ ముందు అడుగుతున్నారు.

సరే, అడిగారు కాబట్టి చెబుతాను. ఏ ప్లస్ సిలబస్ బాగుంటుంది, పరీక్ష మాత్రం ఇక్కడ అంత అవసరం లేదు. కోర్ 1, కోర్ 2 అని రెండు పేపర్లు, దేని ఫీజు దానికే. ఒకదాంట్లో హార్డ్‌వేర్, నెట్‌వర్క్, మొబైల్, ఇంకోదాంట్లో ఆపరేటింగ్ సిస్టమ్స్, సెక్యూరిటీ, సాఫ్ట్‌వేర్ ట్రబుల్‌షూటింగ్. అమెరికాలో దానికి గిరాకీ, మన హెచ్‌ఆర్ వాళ్ళు అడగడం నేను పెద్దగా చూడలేదు. ప్రొఫెసర్ మెసర్ అని యూట్యూబ్‌లో ఒకాయన మొత్తం సిలబస్ ఫ్రీగా చెబుతాడు, అది చూసి నోట్స్ రాసుకోండి, డబ్బు మిగులుతుంది. మీరు చేస్తున్న పనికి సగం పేర్లు అక్కడే దొరుకుతాయి, ఇంటర్వ్యూలో ఆ పేర్లతో చెప్పగలగడం చాలా ముఖ్యం.

ఏడబ్ల్యూఎస్ క్లౌడ్ ప్రాక్టీషనర్ 100 డాలర్లు, 65 ప్రశ్నలు, 90 నిమిషాలు. క్లౌడ్ అంటే ఏంటి, బిల్లు ఎట్లా వేస్తారు, ఏ సర్వీస్ దేనికి అన్నంత వరకే. దాని తర్వాత సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్, 150 డాలర్లు, అది గట్టిదే. కానీ ఈ రెండూ చూపించి డెవాప్స్ ఉద్యోగం అడిగితే నవ్వుతారు. లైనక్స్, నెట్‌వర్క్, స్క్రిప్టింగ్ చేతిలో ఉండి, సర్వర్లు పడిపోతే రాత్రి లేచి చూసిన అనుభవం ఉన్నవాడు చేసే పని అది. నేల విడిచి సాము అంటారే, అదీ.

మా దగ్గర డెస్క్‌లో చేరేవాడిని నేను అడిగేవి వేరే. యాక్టివ్ డైరెక్టరీలో (ఆఫీసు లాగిన్‌లన్నీ ఉండే చోట) అకౌంట్ లాక్ అయితే ఏం చేస్తావు, అవుట్‌లుక్ తెరుచుకోకపోతే ఏది ముందు చూస్తావు, వీపీఎన్ (బయట నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపేది) కనెక్ట్ అయింది గానీ షేర్డ్ ఫోల్డర్ రావట్లేదు, ఎందుకు. ఇన్సిడెంట్‌కీ సర్వీస్ రిక్వెస్ట్‌కీ తేడా ఏంటి. చివరిది ఐటిల్ అనే ఐటీ సర్వీస్ పద్ధతుల్లోది. ఐటిల్ 4 ఫౌండేషన్ 40 ప్రశ్నలు, గంట టైమ్, 26 సరైతే పాస్, కష్టమేమీ కాదు గానీ ఫీజు బరువు, చేరాక కంపెనీ చేత కట్టించుకోవచ్చు. మైక్రోసాఫ్ట్ వైపు డెస్క్‌టాప్ సపోర్ట్‌కి పనికొచ్చేది ఎండీ-102 అనే పరీక్ష. లాప్‌టాప్‌లని ఇన్‌ట్యూన్ అనే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్‌తో మేనేజ్ చేయడం అందులో ఉంటుంది. అది ఏడాదికోసారి రెన్యూ చేసుకోవాలి, ఆ రెన్యూవల్ ఆన్‌లైన్‌లో ఫ్రీ. ఏజెడ్-900 (మైక్రోసాఫ్ట్ క్లౌడ్ మొదటి పరీక్ష) లాంటి ఫండమెంటల్స్‌కి గడువు లేదు, మైక్రోసాఫ్ట్ లెర్న్‌లో పాఠాలు, ప్రాక్టీస్ టెస్టులు కూడా ఫ్రీయే. అన్నట్టు ఎంసీఎస్ఈ నేర్పిస్తాం అని బోర్డులు ఇంకా పెట్టుకున్నవాళ్ళు ఉన్నారు, మైక్రోసాఫ్ట్ ఆ సర్టిఫికేషన్‌నే 2021 జనవరిలో ఎత్తేసింది, ఆ బోర్డు చూస్తే లోపలికి కూడా పోవద్దు.

కష్టం కూడా చెప్పాలి కదా. డెస్క్‌లో చేరితే మీ ఇప్పటి జీతమే, ఒక్కోసారి ఇంకా తక్కువ, పైగా బెంగళూరు అద్దె. అమెరికా క్లయింట్ అయితే నైట్ షిఫ్ట్. టీమ్ లీడ్ మీకన్నా పదిహేనేళ్ళు చిన్నవాడు ఉంటాడు, మిమ్మల్ని పేరు పెట్టి పిలుస్తాడు. అది ఓర్చుకోగలరో లేదో ముందే ఆలోచించుకోండి.

హంద్రీ_గట్టు:

పై తమ్ముడు చెప్పినవి నిజమే గానీ బెంగళూరు ఒక్కటే దారి అన్నట్టు రాశాడు. నేను కర్నూలులో ఒక ప్రైవేటు హాస్పిటల్‌లో నెట్‌వర్క్ చూస్తాను, అంతకుముందు సెల్‌ఫోన్ షాపు నడిపేవాడిని, ఈ పనిలోకి వచ్చేసరికి నలభైకి దగ్గర పడ్డాను. మన జిల్లాల్లో ఐటీ కంపెనీలు పెద్దగా లేవు గానీ ఐటీ మనిషి కావలసిన చోట్లు చాలా ఉన్నాయి. హాస్పిటళ్ళు, ఇంజనీరింగ్ కాలేజీలు, సిమెంట్ ఫ్యాక్టరీలు, ఓర్వకల్లు వైపు సోలార్ ప్లాంట్లు, మీ వైపైతే పెనుకొండ దగ్గర కియా, దాని చుట్టూ విడిభాగాల కంపెనీలు. వీళ్ళలో చాలామంది నేరుగా తీసుకోరు, కాంట్రాక్టు కంపెనీ ద్వారా రెసిడెంట్ ఇంజనీర్ అని పెడతారు. నౌక్రీలో "ఐటీ" అని కాకుండా "రెసిడెంట్ ఇంజనీర్", "డెస్క్‌టాప్ సపోర్ట్", "ఎఫ్‌ఎంఎస్ ఇంజనీర్" అని ఊరి పేరుతో వెతకండి, అప్పుడు కనబడతాయి. జీతాలు గొప్పగా ఉండవు, ఆ మాట ముందే చెబుతున్నా. కానీ ఇల్లు వదలక్కర్లేదు, ఇక్కడ రెండేళ్ళు చేస్తే అది నిజమైన ఎక్స్‌పీరియన్స్, ఏ వెరిఫికేషన్‌కీ భయపడక్కర్లేదు.

ఈ పనికి నా ఓటు సీసీఎన్ఏకే. 2020 ఫిబ్రవరి నుంచి నెట్‌వర్క్ సీసీఎన్ఏకి ఒకటే పరీక్ష, 200-301. అంతకుముందు సెక్యూరిటీ, వాయిస్, వైర్‌లెస్ అని రకరకాల సీసీఎన్ఏలు ఉండేవి, ఇంకా ఆ పాత పుస్తకాలు అమ్మేవాళ్ళున్నారు, కొనకండి. ఫీజు 300 డాలర్లు, దాని మీద పన్ను, మన డబ్బుల్లో ముప్పై వేలకి కొంచెం అటూ ఇటూ అవుతుంది. రెండు గంటల పరీక్ష, ఒకసారి నెక్స్ట్ నొక్కితే వెనక్కి పోయి దిద్దుకోవడానికి లేదు. పాసైతే మూడేళ్ళు చెల్లుతుంది.

కోచింగ్‌కి డబ్బులు పోయక్కర్లేదు. సిస్కో వాళ్ళ నెట్‌వర్కింగ్ అకాడమీలో అకౌంట్ తెరిస్తే ప్యాకెట్ ట్రేసర్ ఫ్రీ, అందులో రౌటర్లు, స్విచ్‌లు బొమ్మల్లా లాగి పెట్టి కేబుళ్ళు కలిపి నిజం పరికరాల్లాగే కమాండ్లు కొట్టొచ్చు. మొదట మీ ఏజెన్సీనే అందులో గీయండి. బిల్లింగ్ కౌంటర్ సిస్టమ్స్ ఒక వీలాన్ (విడిగా కట్టిన చిన్న నెట్‌వర్క్), అకౌంట్స్ ఇంకో వీలాన్, సర్వర్ వేరే, మధ్యలో రౌటర్. బిల్లింగ్ నుంచి సర్వర్‌కి పింగ్ (కనెక్షన్ ఉందో లేదో చూసే కమాండ్) పోవాలి, అకౌంట్స్ సిస్టమ్‌కి పోకూడదు. ఇది సొంతంగా చేయగలిగిన రోజు సగం సీసీఎన్ఏ వచ్చేసినట్టే. సబ్‌నెట్టింగ్ (నెట్‌వర్క్ అడ్రస్‌లని చిన్న గుంపులుగా విడగొట్టే లెక్క) అంటే అందరూ బెదిరిపోతారు, లెక్కలు రాసే చేతికి అదెంత. /26 అంటే 64 అడ్రస్‌లు, మొదటిది నెట్‌వర్క్‌కి, చివరిది బ్రాడ్‌కాస్ట్‌కి పోతే 62 సిస్టమ్స్‌కి ఇవ్వొచ్చు. రోజూ పడుకునే ముందు పది లెక్కలు చేయండి, నెల తిరిగేసరికి నోటికే వస్తాయి.

డంపులు అమ్ముతారు, పాత ప్రశ్నలన్నీ ఇందులోనే ఉన్నాయంటారు. తీసుకోవద్దు. దొరికితే సర్టిఫికెట్ రద్దు చేస్తారు, మళ్ళీ రాయనివ్వకుండా నిషేధం కూడా పెట్టొచ్చు. దొరక్కపోయినా, మా హాస్పిటల్‌లో సీటీ స్కాన్ ఫైళ్ళు డాక్టర్ రూమ్‌కి రావట్లేదని అరుస్తుంటే డంపులో చదివింది ఎందుకూ పనికిరాదు. స్కాన్ మెషిన్‌కి స్టాటిక్ ఐపీ (మారని నెట్‌వర్క్ అడ్రస్) ఉందా, ఎవరైనా అదే ఐపీ ఇంకో సిస్టమ్‌కి ఇచ్చారా అని చూడటం తెలియాలి. ఇట్లాంటి గొడవల్లో సగం రెండు చోట్ల ఒకే ఐపీ ఉండటమే.

పరీక్ష ఇంట్లోంచి కూడా రాయొచ్చు గానీ నేను వద్దంటాను. గది నాలుగు వైపులా ఫోటోలు తీసి పంపాలి, బల్ల మీద కాగితం ముక్క ఉండకూడదు, మధ్యలో ఇంట్లోవాళ్ళు తలుపు తీసినా పరీక్ష ఆపేస్తారు. కరెంటు పోయి నెట్ పోతే మీ ముప్పై వేలు ఏమవుతాయో అని గుండె పట్టుకుని కూర్చోవాలి. బెంగళూరు గానీ హైదరాబాద్ గానీ సెంటర్‌కి పోయి ప్రశాంతంగా రాసి రండి.

సూటిగా_చెప్తా:

అందరూ ఆశ పెడుతున్నారు, నేనొక్కడిని వద్దంటాను. పాస్‌వర్డ్ రీసెట్, అకౌంట్ అన్‌లాక్ లాంటివి ఇప్పుడు చాట్‌బాట్‌లే చేసేస్తున్నాయి, ఎల్1 (మొదటి స్థాయి సపోర్ట్) ఉద్యోగాలు తగ్గుతున్నాయే తప్ప పెరగట్లేదు. బీటెక్ చేసిన పిల్లలే గదుల్లో ఆరుగురు కూర్చుని ఇంటర్వ్యూ కాల్స్ కోసం చూస్తున్నారు. 42 ఏళ్ళకి వాళ్ళతో పోటీ ఎందుకు సార్? ఈ ఏజెన్సీ మూసేస్తే ఇంకో ఏజెన్సీ, మందుల వ్యాపారం ఎక్కడికీ పోదు. జీఎస్టీ తెలిసిన అకౌంటెంట్‌కి పని దొరక్కపోవడం ఉండదు. నాలుగు చిన్న షాపులకి పార్ట్‌టైమ్‌గా రిటర్నులు వేసినా 26 వేలు వస్తాయి. లక్ష ఉంటే అమ్మాయి ఇంటర్‌కి దాచుకోండి.

ప్రొద్దుటూరు_పిల్లోడు:

పైన ఆయన చెప్పినదాంట్లో సగం నిజం. మా టీమ్‌లో కూడా రీసెట్ టికెట్లు (యూజర్లు పంపే ఫిర్యాదులు) బాగా తగ్గాయి, తగ్గనివి "ఎందుకు పనిచేయట్లేదో ఎవరికీ అర్థం కాని" టికెట్లు. అవి చూడాలంటే యూజర్ చేసే పని అర్థం కావాలి. అది అన్నకి ఉంది.

కడప_లెక్కలమేడం:

నేను కడపలో ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్‌గా ఉండేదాన్ని, 38 ఏళ్ళకి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లోకి వచ్చాను. అందరూ సపోర్ట్, నెట్‌వర్క్ అంటున్నారు గానీ అనంతపురం అన్నయ్య రాసిన పోస్టులో అసలు విషయం ఎవరూ పట్టించుకోలేదు. "డేటా పాడైతే సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్ళతో రాత్రి దాకా కూర్చుంటాను" అన్నారు. అవతల కూర్చున్నాయన చేసేది ఏంటి మరి? అదే మీ ఉద్యోగం అన్నయ్యా. ఈఆర్‌పీ (వ్యాపారం మొత్తం నడిపే సాఫ్ట్‌వేర్) సపోర్ట్ అంటారు, ఇంప్లిమెంటేషన్ అంటారు, కొంచెం పెద్ద కంపెనీల్లో ఫంక్షనల్ కన్సల్టెంట్ అంటారు.

ఆలోచించండి. మందుల డిస్ట్రిబ్యూటర్ సాఫ్ట్‌వేర్‌లో ఏముంటుంది? బ్యాచ్ నంబర్, ఎక్స్‌పైరీ, ఒకే మందుకి నాలుగు బ్యాచ్‌లు నాలుగు ఎంఆర్‌పీలు, పదికి ఒకటి ఫ్రీ స్కీము, ఎక్స్‌పైరీ రిటర్న్ వస్తే క్రెడిట్ నోట్, దాన్ని కంపెనీకి క్లెయిమ్ చేయడం, 50 వేలు దాటిన సరుకు రవాణాకి ఈ-వే బిల్లు, టర్నోవర్ 5 కోట్లు దాటితే ఈ-ఇన్‌వాయిస్. ఇవన్నీ ఇప్పుడే బీటెక్ అయిన పిల్లాడికి చెప్పడానికి ఆ కంపెనీలకి నెలలు పడుతుంది, చెప్పినా సగమే ఎక్కుతుంది. మీకు నిద్రలో లేపి అడిగినా వస్తాయి. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు పాత స్టాకు కొత్త పన్నులోకి మార్చిన వాళ్ళలో మీరూ ఉండే ఉంటారు కదా, డేటా మైగ్రేషన్ అంటే అదే. మీరు దాన్ని క్లోజింగ్ స్టాకు ఎక్కించడం అని పిలుచుకుని ఉంటారు, అంతే తేడా.

నాకూ ఇట్లాగే జరిగింది. మొదటి ఇంటర్వ్యూల్లో టెస్టింగ్ డెఫినిషన్లు అప్పజెబుతూ పోయాను, ఎవరూ తీసుకోలేదు. స్కూళ్ళకి ఫీజులు, మార్కులు, హాజరు చూసే సాఫ్ట్‌వేర్ చేసే చిన్న కంపెనీ ఒకటి దొరికింది, అక్కడ వాళ్ళ డెమో చూసి "అన్నదమ్ములిద్దరూ ఒకే స్కూల్లో ఉంటే రెండోవాడికి ఫీజు తగ్గింపు ఎక్కడ వేస్తారు, టర్మ్ మధ్యలో టీసీ తీసుకుంటే వాపసు ఎట్లా" అని అడిగాను. వాళ్ళ దగ్గర రెండిటికీ జవాబు లేదు. ఉద్యోగం వచ్చింది.

సర్టిఫికేషన్ అంటే నేను చేసింది ఐఎస్‌టీక్యూబీ ఫౌండేషన్ అనే టెస్టింగ్ పరీక్ష. 40 ప్రశ్నలు, గంట, 65 శాతం వస్తే పాస్, నెగెటివ్ మార్కులు లేవు, దానికి గడువు కూడా లేదు. సిలబస్ పీడీఎఫ్ వాళ్ళ సైట్‌లోనే ఫ్రీగా ఉంటుంది, నేను కోచింగ్‌కి పోలేదు. ఇందులో నాకు నిజంగా పనికొచ్చింది బౌండరీ వాల్యూ అనాలిసిస్ ఒక్కటే అనిపిస్తుంది కొన్నిసార్లు. 35 పాస్ మార్కు అయితే 34, 35, 36 వేసి చూడటం, లెక్కల టీచర్‌కి అది కొత్తా? మీకైతే ఈ-వే బిల్లు దగ్గర సరిగ్గా 50,000, దానికి ఒక రూపాయి ఎక్కువ వేసి చూడటం లాంటిది. హెచ్‌ఆర్ ఫిల్టర్ దాటడానికి ఉపయోగపడింది, ఆ మేరకు డబ్బు దండగ కాలేదు.

మీరు మాత్రం ముందు ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ని ప్రశ్నలు అడిగే భాష) నేర్చుకోండి. ఈఆర్‌పీ సపోర్ట్‌లో సర్టిఫికెట్ కన్నా అది అడుగుతారు. ఇంకోటి, మీ ఏజెన్సీ వాడే సాఫ్ట్‌వేర్ కంపెనీకి మన జిల్లాల్లో డీలర్ ఎవరో ఒకరు ఉంటారు, ఇన్‌స్టాల్ చేసి ట్రైనింగ్ ఇచ్చేవాళ్ళు. ముందు ఆయన్ని కలిసి టీ తాగండి. అట్లాంటి చిన్న చోట్ల పాసైన సంవత్సరం ఎవరూ అడగరు.

అనంత_బిల్లింగ్:

ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు, అందరికీ చాలా థ్యాంక్స్. పీఎఫ్ 2015 నుంచి కట్ అవుతోంది తమ్ముడూ, కాబట్టి ఆ ఇన్‌స్టిట్యూట్ కథ అక్కడితో సరి. అడ్వాన్స్ 5 వేలు ఆదివారం లోపు పంపమన్నారు, పంపను.

నైట్ షిఫ్ట్ నాకు కుదరదు. అమ్మ మా దగ్గరే ఉంటుంది, మోకాళ్ళ ఆపరేషన్ అయింది, రాత్రి లేవాలంటే ఒకరు పట్టుకోవాలి. అందుకని బెంగళూరు డెస్క్ ఉద్యోగం ఇప్పటికి పక్కన పెడుతున్నా. వయసులో చిన్నవాళ్ళు పేరు పెట్టి పిలవడం నాకు సమస్య కాదు, ఓనర్ కొడుకు ఇప్పుడు పిలిచేది అట్లాగే.

సూటిగా చెప్పిన సార్‌కి కూడా థ్యాంక్స్, మా ఆవిడ కూడా మీ మాటే అంటోంది. ఇంకో ఏజెన్సీలో చేరొచ్చు, నిజమే, కానీ పెద్ద ఏజెన్సీలు చిన్నవాటిని కొనేస్తున్నాయి, కొన్నవాళ్ళు అకౌంట్స్ హైదరాబాద్‌లోనే చూసుకుంటున్నారు. రేపు ఇక్కడ ఎన్ని మిగులుతాయో.

మేడం చెప్పింది చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. బ్యాచ్‌లు, క్లెయిములు అనేవి ఒక అర్హత అవుతాయని నాకెప్పుడూ తట్టలేదు. మూడు డౌట్లు: ఎస్‌క్యూఎల్‌కి కూడా సర్టిఫికేషన్ చేయాలా? శాప్ ఫైకో (శాప్ అనే పెద్ద ఈఆర్‌పీలో అకౌంట్స్ భాగం) చేస్తే అకౌంట్స్ వాళ్ళకి బాగుంటుందని ఒకరన్నారు, లక్ష పైన అడుగుతున్నారు, అది? రెజ్యూమెలో ఇవన్నీ ఎట్లా రాయాలి?

కడప_లెక్కలమేడం:

ఎస్‌క్యూఎల్‌కి సర్టిఫికేషన్ వద్దు. ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ గానీ పోస్ట్‌గ్రెస్ గానీ, ఏదో ఒక డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఫ్రీగా దించుకోండి. స్టాకు, అమ్మకాల రిపోర్టులు ఎక్సెల్‌లోకి తీసి, పార్టీల పేర్లు మార్చేసి, వాటిని టేబుళ్ళుగా ఎక్కించండి. ఆఫీసులో నడుస్తున్న డేటాబేస్ మీద మాత్రం ప్రయోగాలు చేయొద్దు అన్నయ్యా, ఓనర్‌ని అడగకుండా రిపోర్టులు ఇంటికి తీసుకుపోవద్దు. తర్వాత మీకు రోజూ అవసరమయ్యే ప్రశ్నలే అడగండి. వచ్చే 90 రోజుల్లో ఎక్స్‌పైరీ అయ్యే బ్యాచ్‌లు ఏవి, ఆరు నెలలుగా ఒక్క స్ట్రిప్ కూడా కదలని మందులు ఏవి, ఏ షాపు ఎన్ని రోజులుగా బాకీ ఉంది. సెలెక్ట్, వేర్, జాయిన్, గ్రూప్ బై, ఈ నాలుగు కమాండ్లతో ఇవన్నీ వచ్చేస్తాయి. ఇక కాగితం కావాలి అంటే ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ కోర్సుల సైట్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల డేటాబేస్ కోర్సు ఫ్రీ, పరీక్ష రాయాలనుకుంటేనే వెయ్యి రూపాయలు. మొదటి కాగితానికి అది చాలు.

శాప్ ఇప్పుడు వద్దు. చెడ్డదని కాదు. పెద్ద ఫ్యాక్టరీలో ఎండ్ యూజర్‌గా వాడిన అనుభవం లేకుండా కోర్సు ఒక్కటే చేస్తే మళ్ళీ "ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తాం" దగ్గరికే తీసుకుపోతారు. ఒకవేళ పెనుకొండ వైపు శాప్ వాడే కంపెనీలో స్టోర్స్‌లోనో అకౌంట్స్‌లోనో చేరగలిగితే, అప్పుడు దాని గురించి ఆలోచించండి.

ప్రొద్దుటూరు_పిల్లోడు:

రెజ్యూమె నేను చెబుతా. "అకౌంటెంట్" అని పైన పెట్టి కింద జీఎస్టీ, ట్యాలీ అని రాసుకుంటే అకౌంటెంట్ పోస్టులకే పిలుస్తారు. మీ చేతి కింద ఎన్ని సిస్టమ్స్ ఉన్నాయి, బ్యాకప్ ఎట్లా తీస్తారు, ఎప్పుడైనా బ్యాకప్ నుంచి డేటా వెనక్కి తెచ్చారా, సాఫ్ట్‌వేర్ వెర్షన్ మారినప్పుడు ఎంతమందికి నేర్పించారు, ఇవి ముందు రాయండి. అన్నీ నిజాలే రాయాలి, పెంచి రాస్తే రెండో ప్రశ్నకే దొరుకుతారు. 2004 దాచొద్దు, కింద పెట్టండి చాలు. రాశాక పేరు, ఫోన్ నంబర్ తీసేసి ఇక్కడ పెట్టండి, దిద్దుతాను.

హంద్రీ_గట్టు:

మేడం చెప్పిన దారి నాకన్నా బాగుంది, ఒప్పుకుంటున్నా. అయినా ప్యాకెట్ ట్రేసర్ మాత్రం వదలొద్దు, ఈఆర్‌పీ సపోర్ట్‌లో "సాఫ్ట్‌వేర్ స్లో" అని వచ్చే ఫోన్లలో చాలా వాటికి కారణం నెట్‌వర్కే ఉంటుంది. పరీక్ష రాయాలా వద్దా తర్వాత చూసుకోవచ్చు.

ఇంకో చిన్న విషయం, ఏ పరీక్ష అయినా సరే. రిజిస్టర్ చేసేటప్పుడు పేరు మీ ఐడీ కార్డులో ఎట్లా ఉందో అట్లాగే ఉండాలి. మనవాళ్ళకి ఆధార్‌లో ఇంటిపేరు ముందు, పాన్‌లో వెనక, టెన్త్ సర్టిఫికెట్‌లో ఒక్క అక్షరం. సెంటర్‌లో తేడా కనబడితే లోపలికి పంపరు, ఫీజు కూడా వెనక్కి రాదు. ఏ ఐడీలు ఒప్పుకుంటారో కూడా ఆ పరీక్ష పేజీలో ముందే చదువుకోండి.

అనంత_బిల్లింగ్:

ఇప్పుడే తీసి చూశాను అన్నా, పాన్‌లో మా నాన్న పేరు కూడా కలిపి కొట్టారు, డిగ్రీలో ఇంటిపేరే లేదు. ముందు ఆ పని చూసుకుంటాను. డీలర్ నంబర్ మా ఓనర్ దగ్గరే ఉంది, ఎందుకు అని అడిగితే ఏం చెప్పాలో అదొక్కటే తెలియట్లేదు.

కడప_లెక్కలమేడం:

ఓనర్‌ని అడగక్కర్లేదు. సాఫ్ట్‌వేర్‌లో హెల్ప్ మెనూ తెరవండి, లేదంటే ఏటా రెన్యూవల్ బిల్లు వస్తుంది కదా దాని కింద చూడండి, డీలర్ నంబర్ ఉంటుంది.